చర్మార్బుద శస్త్రచికిత్స: ఛేదనము, సంధానము

వ్రణమును కోసి తొలగించుట ఒక విద్య. తొలగించినచోటును పూడ్చి, రోగిని మరల నలుగురిలో తలయెత్తుకొని తిరుగునట్లు చేయుట మఱియొక విద్య. చర్మార్బుదమునకు, అనగా చర్మమున పుట్టు క్యాన్సరునకు, నేడు జరుగుచున్న శస్త్రచికిత్స ఈ రెండు విద్యల కలయికయే. మొదటిదానికి ఛేదనమనియు, రెండవదానికి సంధానమనియు మన ప్రాచీనవైద్యమున పేర్లు గలవు. మొదటిదే చికిత్స యనియు, రెండవది కేవలము అలంకారమనియు పలువురు భావింతురు. చరిత్రను పరిశీలించినచో అది సరికాదని తేలును. సంధానము తెలియనిచోట ఛేదనమును నిండుగా చేయుటకు వైద్యుని చేయి వెనుదీయును. ముఖము చెడునను భయమున రోగి వైద్యుని గడపయే తొక్కడు. ఈ రెండవ విద్య పాశ్చాత్యలోకమునకు తెలియుటకు బెంగుళూరు, శ్రీరంగపట్టణముల మీదుగా నడచిన ఒక యుద్ధము కారణమైనది. ఆ కథను, దానికిని నేటి చర్మార్బుద చికిత్సకును గల సంబంధమును నిరూపించుట ఈ వ్యాసము ఉద్దేశము.

యుద్ధము, ఎద్దులు, ఒక బండివాడు

మూడవ మైసూరు యుద్ధము 1790 మొదలు 1792 వఱకు సాగినది. 1791 మార్చి నెలలో కారన్‌వాలిసు సేనలు ముందు బెంగుళూరు పేటను, పిదప 21వ తేదీ రాత్రి కోటను పట్టుకొనెను. నేటికిని కృష్ణరాజేంద్ర మార్కెట్టు చెంత ఆ కోటలో మిగిలిన రాతిగోడను, ద్వారమును చూడవచ్చును. బెంగుళూరు చేజిక్కినను శ్రీరంగపట్టణము ఆ యేడు లొంగలేదు. మే నెలలో శ్రీరంగపట్టణము దాపునకు పోయిన కారన్‌వాలిసు తన పెద్ద ఫిరంగులను తానే ధ్వంసము చేసి వెనుకకు మరలవలసివచ్చెను. ఫిరంగులను లాగవలసిన ఎద్దులు గడ్డి లేక, తెవులు సోకి గుంపులుగా చచ్చుటయే అందుకు ముఖ్యకారణము. ఆనాటి యుద్ధములందు జయాపజయములు తుపాకులపై ఎంత ఆధారపడెనో ఎద్దులపైనను అంత ఆధారపడెను. కావున ఎద్దులను తోలువారు ఆయుధము పట్టకున్నను శత్రువునకు విలువైన గుఱి యైరి.

అట్టివారిలో ఒకడు కొవాస్జీ. ఇతడు మరాఠా వ్యవసాయకుటుంబమువాడనియు, 1792 నాటి యుద్ధమున ఆంగ్లసేనకు ఎద్దులు తోలుచుండెననియు, టిప్పూ సుల్తాను సేనలకు బందీగా చిక్కగా అతని ముక్కును, ఒక చేతిని నఱికించిరనియు సమకాలీన లేఖ చెప్పుచున్నది. ఈ వార్త ఆంగ్లేయుల వలననే లోకమునకు అందినది; టిప్పూపై వారికి గల వైరము జగద్విదితము. కావున దీనిని చదువునపుడు ఆ వైరమును మఱువరాదు. అయినను ముక్కు కోయుట ఒక్క టిప్పూ కాలమున పుట్టిన క్రూరత్వము కాదు. దొంగలకును, జారులకును, యుద్ధమున పట్టుబడినవారికిని ఈ శిక్ష దేశమున పలుచోట్ల వెనుకటినుండియు ఉండెను. 17వ శతాబ్ది చివర ఈ దేశమున నివసించిన వెనీసు దేశీయుడు మనూచీ, దక్కను యుద్ధములలో ముక్కు పోయినవారికి దేశీయవైద్యులు నుదుటి చర్మమును క్రిందికి దించి ముక్కు అమర్చుచుండుటను పేర్కొనెను. శిక్ష ఉన్నచోటనే దానికి విఱుగుడును పుట్టినది. ముక్కు లేనివాడు బ్రతికియుండియు సంఘమున చచ్చినవానితో సమానుడు. "ముక్కు కోసినంత పని" యని నేటికిని మన నుడికారమున నిలిచిన మాట ఆనాడు ఎందఱకో అనుభవమునకు వచ్చిన సంగతి.

ఇటుకలవాని శస్త్రకర్మ

కొవాస్జీ సంవత్సరమునకు పైగా ముక్కు లేకయే కాలము గడపెను. పిదప 1793లో పూనా సమీపమున ఇటుకలు చేయు కులమువాడొకడు అతనికి క్రొత్తముక్కును అమర్చెను. తరువాతి రచయితలు ఈ వైద్యుని కుమ్మరి యనిరి. బొంబాయి ప్రభుత్వపు ఆంగ్లవైద్యులు థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే అనువారు ఈ శస్త్రకర్మ జరుగుటను కన్నులార చూచిరి. జేమ్స్ వేల్స్ అను స్కాట్లండు చిత్రకారుడు 1794 జనవరిలో కొవాస్జీ రూపమును చిత్రించెను. ఆ చిత్రముతో కూడిన లేఖ లండను పత్రికయగు జెంటిల్‌మన్స్ మాగజైను 1794 అక్టోబరు సంచికలో బి.ఎల్. అను పొడి అక్షరములతో వెలువడినది.

శస్త్రకర్మ జరిగిన తీరిది. ముందుగా పలుచని మైనపురేకును ముక్కు మొండెముపై అమర్చి చక్కని ముక్కు ఆకారము తెచ్చిరి. ఆ రేకును మరల చదును చేసి నుదుటిపై పెట్టి, దాని చుట్టును గీత గీచిరి. గీతలోపలి చర్మమును ఒలిచిరి; కాని కనుబొమ్మల నడుమ సన్నని తొడిమవంటి చర్మమును మాత్రము తెంపక విడిచిరి. ఆ తొడిమ గుండా నెత్తురు ప్రవహించుచుండుటచేతనే ఒలిచిన చర్మము చావదు. పిమ్మట ముక్కు మొండెముపై మానిన పాత మచ్చను చెక్కి పచ్చిచేసి, చుట్టును గాటు పెట్టి, నుదుటి చర్మమును సగము త్రిప్పి క్రిందికి దించి, దాని అంచును ఆ గాటులో ఇమిడ్చిరి. తాంబూలమున వాడు కాచును నీటితో మెత్తజేసి గుడ్డపేలికలకు పూసి, అయిదారు పేలికలను ఒకదానిపై నొకటి అంటించిరి. నాలుగు దినములు అదియే కట్టు. తరువాత నేతిలో తడిపిన గుడ్డలు వేసిరి. రోగిని అయిదారు దినములు వెల్లకిల పరుండబెట్టిరి. పదవనాడు ముక్కుపుటములు మూసికొనిపోకుండ మెత్తని గుడ్డ దూర్చిరి. సుమారు ఇరువదియైదవనాడు తొడిమను కోసి ముక్కును చక్కదిద్దిరి.

ఇందలి ప్రతియంశమునకును హేతువు గలదు. మైనపురేకు కొలతను తప్పనీయదు. తొడిమ ప్రాణమును నిలుపును. పచ్చిచేసిన రెండంచులు తాకినపుడే అతుకుకొనును. క్రొత్తచోట నెత్తురు నాళములు ఏర్పడువఱకు పాత ఆధారమును తెంపరాదు. ఈ నాలుగు సూత్రములును నేటి గ్రంథములలోనివే. చర్మార్బుదము వలన ముక్కు కొనయో, పుటమో తీసివేయవలసి వచ్చినపుడు నేటి వైద్యులును నుదుటి చర్మమునే దించుచున్నారు. కనుబొమ్మ మొదట నుండు ఒక చిన్న ధమనిని తొడిమలో ఇముడ్చుకొని, సుమారు మూడు వారములకు తొడిమను తెంపుచున్నారు. ఇరువదియైదు దినములకును ఇరువదియొక్క దినములకును గల భేదము అల్పము.

ఈ కథలో రోగి పేరు నిలిచినది. చూచిన వైద్యుల పేళ్లు నిలిచినవి. చిత్రకారుని పేరు నిలిచినది. కత్తి పట్టినవాని పేరు మాత్రము ఎవరును వ్రాయలేదు.

సుశ్రుతుడు చెప్పినదేమి?

నుదుటి చర్మముతో ముక్కు చేయు పద్ధతిని సుశ్రుతుడే చెప్పెనని సభలలోను, వ్యాసములలోను తఱచుగా వినబడును. ఈ మాట సవరింపదగినది. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదునాఱవ అధ్యాయమందు నాసాసంధానము కలదు. అందు ముక్కు కొలతకు సరిపడు చెట్టు ఆకును కొలబద్దగా గైకొనవలెననియు, ఆ ప్రమాణమున చెక్కిలి ప్రక్కనుండి చర్మమును, ఒకచోట అంటియుండునట్లు కోసి తేవలెననియు కలదు. ముక్కు మొండెమును గీరి, చర్మమును అతికి, శ్వాసకై రెండు గొట్టములు దూర్చి, అతిమధురము మొదలగువాని చూర్ణము చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో పలుమాఱు తడుపుట అందలి విధానము.

సుశ్రుతుని చర్మము చెక్కిలిది. పూనా వైద్యుని చర్మము నుదుటిది. ఆకునకు బదులు మైనము, చూర్ణమునకు బదులు కాచు, నువ్వులనూనెకు బదులు నేయి, గొట్టములకు బదులు గుడ్డ వచ్చినవి. సూత్రము ఒక్కటియే, సాధనములు వేఱు. దీనివలన తేలునది ఏమనగా, ఈ విద్య గ్రంథమును వల్లెవేసిన పండితుల వలన గాక, చేతిపని నేర్చిన కుటుంబముల వలన, తరతరమునకు అనుభవముచే మాఱుచు నిలిచినది. వైద్యపండితులు క్రమముగా శస్త్రమును విడిచి ఔషధమునకు పరిమితులైరి. ఆంధ్రవైద్యులకు నిత్యపారాయణమైన బసవరాజీయము ప్రసిద్ధి చెందినది ఔషధయోగములకే. కత్తి మాత్రము కుమ్మరియింట, మంగలియింట మిగిలినది. తెలుగు పల్లెలలో కురుపు కోయుటకు మంగలిని పిలుచుట మొన్నమొన్నటి వఱకు ఉన్న ఆచారము. గ్రంథమునకు గౌరవము, చేతికి అగౌరవము కలిగినచోట విద్య పెరుగదు. పేరు లేని ఇటుకలవాడు అందుకు సాక్షి.

లండనులో మరల పుట్టిన విద్య

1794 నాటి లేఖ జోసెఫ్ కార్‌ప్యూ అను లండను శస్త్రవైద్యుని ఆకర్షించెను. అతడు ముందు శవములపై ఈ విధానమును అభ్యసించి, 1814 అక్టోబరు 23వ తేదీన ఒక సైనికోద్యోగికి నుదుటి చర్మముతో ముక్కు చేసెను. ఈథరు మత్తు లోకమునకు ప్రదర్శితమైనది 1846లో. కావున ఆ రోగి స్మృతితోనే కత్తిని భరించెను. పూనాలో కొవాస్జీయు అట్లే భరించియుండవలెను. కార్‌ప్యూ తన రెండు శస్త్రకర్మల వృత్తాంతమును 1816లో గ్రంథముగా ప్రకటించెను. 1818లో బెర్లినులో గ్రేఫె అను వైద్యుడు ఈ విషయముపై గ్రంథము వ్రాసెను. మన దేశమున జునాగఢు వైద్యుడు త్రిభువనదాస్ మోతీచంద్ షా తాను చేసిన అనేక నాసాసంధానములను గూర్చి 1889లో పుస్తకము ప్రకటించెను. యుద్ధముల వలనను, శిక్షల వలనను పుట్టిన విద్య ఈ విధముగా ఆసుపత్రులలో ప్రవేశించి, రోగముచే పోయిన అంగములకును ఉపయోగింపసాగెను.

శేషము అను శత్రువు

ఇక ఛేదనము సంగతి. అర్బుదమును గూర్చి సుశ్రుతసంహిత చికిత్సాస్థానమందు ఒక ముఖ్యమైన హెచ్చరిక కలదు. కొంత మిగిల్చి తీసినచో అది మరల వేగముగా పెరిగి, ఆర్పక విడిచిన నిప్పువలె రోగిని చంపుననియు, కావున సమూలముగా తీయవలెననియు దాని భావము. శస్త్రము, క్షారము, అగ్ని అను మూడు సాధనములును అందు చెప్పబడినవి. ప్రాచీనుల అర్బుదమును నేటి క్యాన్సరును అన్నివిధముల ఒక్కటియే యనరాదు, గడ్డలు పలువిధములు. అయినను అప్పును, పగను, నిప్పును శేషముంచరాదని పెద్దలు చెప్పు నీతి ఈ రోగమునకు అక్షరాల చెల్లును.

చర్మార్బుదములలో ముఖ్యమైనవి మూడు. బేసల్ సెల్ క్యాన్సరు సాధారణముగా ముఖముపై, ముత్యమువలె మెఱయు చిన్నపొక్కుగానో, మానని పుండుగానో కనబడి, మెల్లగా లోనికి తొలుచుకొనిపోవును. ఎలుక కొఱికినట్లుండుటచే దానిని పాశ్చాత్యులు ఎలుకపుండు అనిరి. డబ్లిను వైద్యుడు ఆర్థర్ జేకబ్ దానిని 1827లో వర్ణించెను. స్క్వేమస్ సెల్ క్యాన్సరు గరుకైన కాయగానో, అంచులు లేచిన పుండుగానో పెరిగి గ్రంథులకును ప్రాకవచ్చును. మూడవది మెలనోమా, వర్ణకణములందు పుట్టి, పుట్టుమచ్చను పోలియుండి, మిగిలిన రెండింటికంటె ప్రమాదకరము.

వీనిని తొలగించుటకు గల మార్గములు పలు తెఱగులు. చిన్నవానిని గుండ్రని గీరుకత్తితో గీరి, విద్యుత్తుతో కాల్చుట ఒకటి. ద్రవనత్రజనితో గడ్డకట్టించి చంపుట మఱియొకటి. ప్రధానమైనది మాత్రము చుట్టును కొంత మంచిచర్మముతో కూడ కోసివేయుట. అంచు స్పష్టముగా నుండు చిన్న బేసల్ సెల్ క్యాన్సరునకు సుమారు 4 మిల్లీమీటర్లు, అపాయము తక్కువగల స్క్వేమస్ సెల్ క్యాన్సరునకు 4 మొదలు 6 మిల్లీమీటర్ల మంచిచర్మమును కలిపి తీయుట వాడుక. ఈ కొలతలకంటె తక్కువగా కోసినచో శేషము మిగులును. మిక్కిలి ఎక్కువగా కోసినచో కంటిఱెప్పయో, ముక్కుపుటమో వృథాగా పోవును. ముఖమున ఒక్కొక్క మిల్లీమీటరునకు విలువ గలదు.

ఈ చిక్కునకు మేలైన పరిష్కారమును కనుగొన్నవాడు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రెడరిక్ మోస్. అతడు జింకుక్లోరైడు లేపముతో రోగకణములను శరీరముననే గట్టిపఱచి, పొరలు పొరలుగా తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించు పద్ధతిని 1936 నుండి రోగులపై ప్రయోగించి, 1941లో ప్రకటించెను. అది ఒకవిధముగా క్షారమును శస్త్రమును కలిపిన చికిత్స. ఆ లేపము వలన నొప్పి మెండు, కాలము పట్టును. 1953లో కంటిఱెప్ప రోగికి లేపము లేకయే తాజా కండను గడ్డకట్టించి పరీక్షింపగా, పని వేగముగా జరిగెను. 1970 తరువాత ఈ తాజాపద్ధతియే వ్యాపించినది.

దీని కిటుకు పరీక్షించు తీరులో నున్నది. సాధారణపద్ధతిలో తీసిన ముక్కను రొట్టెను కోసినట్లు నిలువుగా కోసి, కొన్ని పలకలను మాత్రమే చూతురు. పలకల నడుమ దాగిన రోగము తప్పించుకొనవచ్చును. మోస్ పద్ధతిలో కండను పళ్లెమువలె చదును చేసి, అడుగును, చుట్టంచులను మొత్తముగా చూతురు. ముక్కకు రంగులు పూసి పటము గీచుకొందురు. రోగము కనబడిన మూలను మాత్రమే మరల ఒక పొర తీయుదురు. అంచు శుభ్రమగువఱకు ఇట్లే సాగును. పొలమున తుంగను పెరికిన రైతునకు ఇది సులభముగా బోధపడును. పైగడ్డిని కోసిన ప్రయోజనము లేదు. పొలమంతయు త్రవ్వినను పైరు దక్కదు. గడ్డ ఎచ్చటనున్నదో అచ్చటనే త్రవ్వవలెను. మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ క్యాన్సరులలో ఈ పద్ధతి వలన నూటికి సుమారు 99 మందికి అయిదేండ్ల వఱకు రోగము తిరుగబెట్టదు.

మెలనోమా విషయమున చరిత్ర వేఱుదారి పట్టినది. భయముచే 20వ శతాబ్దిలో చాలకాలము చుట్టును 5 సెంటీమీటర్ల మేర చర్మమును కోయుచుండిరి. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో రోగము ఎంత వెడల్పున్నదనుటకంటె ఎంత మందమున్నదనునదే ప్రాణమునకు సూచిక యని చూపెను. పిదప జరిగిన పరీక్షల ఫలితముగా 1 మిల్లీమీటరు లోపు మందము గలదానికి 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లకు మించినదానికి 2 సెంటీమీటర్లు చాలునని నిర్ణయమైనది. రోగము ముందుగా చేరు గ్రంథిని గుర్తించి పరీక్షించు పద్ధతిని డొనాల్డ్ మోర్టన్ 1992లో ప్రకటించెను. ఎక్కువగా కోయుటయే ధైర్యమనుకొన్న కాలము పోయి, కొలిచి కోయుటయే జ్ఞానమను కాలము వచ్చినది.

రెండు విద్యల కలయిక

నిశ్శేషముగా తీసిన తరువాత ఏర్పడిన గుంటను ఏమి చేయవలెను? చిన్నదైనచో దానంతటదే మానును, లేదా కుట్టు చాలును. పెద్దదైనచో తొడ మొదలగు చోట్లనుండి పలుచని చర్మము తెచ్చి అతుకుదురు. ఎముకయు, మృదులాస్థియు బయటపడిన ముఖభాగములందు నెత్తురు ప్రసారముగల చర్మమే కావలెను. అందుకే తొడిమతో కూడిన నుదుటి చర్మము. 1985లో బర్గెట్, మెనిక్ అను అమెరికను వైద్యులు ముక్కును కొన, పుటములు, వెన్ను మొదలగు ఉపభాగములుగా విభజించి, ఒక భాగము చాలవఱకు పోయినపుడు ఆ భాగమంతటిని క్రొత్తచర్మముతో నింపినచో మచ్చ కానరాదని చెప్పిరి. ఇంతటి సంధానము వెనుక నిలిచియున్నదని తెలిసినపుడే ఛేదకుడు వెఱవక కోయగలడు. మోస్ పటము, ఇటుకలవాని మైనపురేకు ఒకే శస్త్రశాలలో కలియుట వైద్యచరిత్రలో అందమైన సంఘటన.

మన జనులు, మన నగరము

తెల్లజాతులతో పోల్చినచో భారతీయులలో చర్మార్బుదము అరుదు. చర్మమందలి నల్లని వర్ణకము ఎండనుండి కాపాడును. కాని అరుదనుట లేదనుట కాదు. మనవారిలో ఇది పాత కాలినమచ్చలపై, ఏండ్ల తరబడి మానని కాలిపుండ్లపై, అరికాళ్లలో పుట్టుట తఱచు. కాలినమచ్చపై పుట్టు పుండును 1828లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మార్జొలె పేర దానిని పిలుతురు. బొంబాయి శాస్త్రజ్ఞులు ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో ధోవతి ముడి ఒరసికొను నడుముచోట వచ్చు క్యాన్సరును వర్ణించిరి. చీర ముడి వలనను అట్టిది కలుగుట తరువాత గమనింపబడినది. అరికాలి నల్లమచ్చను ముల్లు గ్రుచ్చుకొన్న గుర్తని, ముఖముపై పొక్కును పులిపిరి యని ఉపేక్షించుట మన యిండ్లలో సామాన్యము. మానని చెడుపుండునకు రాచపుండని పేరు పెట్టి, ఆ పేరు పలుకుటకే భయపడి దాచుట మఱియు సామాన్యము.

బెంగుళూరు ఈ చరిత్రలో యుద్ధభూమిగా ప్రవేశించి చికిత్సాలయముగా మాఱినది. 1791లో ముట్టడింపబడిన కోటకు చేరువనే 1900లో లార్డు కర్జను ప్రారంభించిన విక్టోరియా ఆసుపత్రి కలదు. 1973లో స్థాపింపబడిన కిద్వాయి స్మారక క్యాన్సరు సంస్థ 1980లో ప్రాంతీయ కేంద్రమైనది. కన్నడిగులతో పాటు అనంతపురము, చిత్తూరు సీమల తెలుగువారును అచ్చటికి వచ్చుచుందురు. మోస్ పద్ధతి నేటికిని దేశమున కొన్ని పెద్దనగరములకే పరిమితము. అది లేనిచోట తగినంత మంచిచర్మముతో కోసి, అంచులు శుభ్రమని పరీక్షలో తేలిన పిదపనే గుంటను పూడ్చుట సరియైన మార్గము. పూడ్చుటకు తొందరపడి పరీక్షను విడుచుట నిప్పుపై బూడిద కప్పుట వంటిది.

నాలుగైదు వారములకును మానని పుండు, ఊరక నెత్తురు కాఱు పొక్కు, రంగును ఆకారమును మార్చుకొను మచ్చ కనబడినపుడు వెంటనే చూపించుకొన్న రోగికి పలుమాఱు సూదిమందుతో ఆ చోటు మాత్రము తిమ్మిరి పుట్టించి చేయు చిన్న శస్త్రకర్మయే చాలును. ఆలస్యము చేసినవానికే నుదుటి చర్మము అవసరమగును. ఆ అవసరము వచ్చినను వెఱవవలసిన పని లేదు. ముక్కును, చేతిని కోల్పోయిన ఒక ఎద్దులబండివాడు, మత్తుమందు లేని కాలమున, పేరు తెలియని ఒక ఇటుకలవాని చేతిని నమ్మి కూర్చుండెను. అతడు మరల ముఖముతో లేచెను. రెండువందల సంవత్సరములకు పైగా గడచిన పిదప, మత్తుమందును సూక్ష్మదర్శినియు గల నేటి రోగి పుండును కొంగు చాటున దాచుకొనుటకు కారణము లేదు.